పలువురు భోక్తలకు ఒక్క పంక్తి

విందు చేయు గృహస్థునకు మూడు చింతలుండును. తెచ్చిన సరకు చాలునా యనునది మొదటిది. వంట రుచిగా కుదురునా యనునది రెండవది. వచ్చినవారందఱును తృప్తిగా తినగలరా యనునది మూడవది. మొదటి రెండింటిని గూర్చి పెద్దలకు నేను చెప్పవలసిన దేమియు లేదు. మా తిరువూరు ప్రాంతమున ఏ ఊరికేగినను, నూఱుమందికి బియ్యమెంత, పప్పెంత, చింతపండెంత యని యడిగినచో, కాగితము కలము లేకుండ చెప్పగల ఇల్లాండ్రు కలరు. మూడవ చింతమాత్రము ఇటీవల బరువెక్కినది. దానిని గూర్చియే నేటి ప్రసంగమున నాలుగు మాటలు మనవిచేసెదను.

ఒక పంక్తిలో కూర్చుండువారిని ఒక్కసారి కలయజూడుడు. మాంసము తినువారు కొందఱు. తినువారే యైనను శనివారమనియో కార్తికసోమవారమనియో ఆ దినమున మానినవారు కొందఱు. అయ్యప్పదీక్షలోనో, ఇంద్రకీలాద్రి దుర్గమ్మ భవానీదీక్షలోనో యున్నవారు కొందఱు. ఉల్లి, వెల్లుల్లి ముట్టని వృద్ధులు, దుంపకూరలు తినని జైనులు, శ్రమకాలమున మాంసము విడిచిన క్రైస్తవులు, హలాలు కాని మాంసము ముట్టని మహమ్మదీయులు, మధుమేహము కలవారు, పండ్లూడిన ముదుసలులు — అందఱును మన బంధుమిత్రులే, అందఱును మనము పిలిచినవారే. వీరికి తోడుగా ఇపుడు మఱియొకరు వచ్చి చేరిరి. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె మొదలుగా జంతువునుండి వచ్చినదేదియు తిననివారు. హైదరాబాదునుండియో, బెంగుళూరునుండియో, అమెరికానుండియో సంక్రాంతికి వచ్చిన మనుమరాలు, "తాతయ్యా, నాకు నెయ్యి వద్దు" అని విస్తరిమీద చేయి అడ్డుపెట్టినపుడు మనసు చివుక్కుమనని పెద్దలు తక్కువ.

ఇట్టివారిని వీగన్లందురు. ఈ మాట పుట్టి ఎనుబది యేండ్లు దాటినది. 1944వ సంవత్సరము నవంబరు మాసమున ఇంగ్లండు దేశమున డొనాల్డ్ వాట్సన్ మొదలగు కొలదిమంది కూడి, పాలను గ్రుడ్లను సైతము మానిన శాకాహారుల కొఱకు వేఱొక సంఘమును స్థాపించుకొని, తమకీ పేరు పెట్టుకొనిరి. ఆ సంఘమునకు ఏబదియేండ్లు నిండిన 1994 నుండి నవంబరు మొదటి తేదిని వీగన్ దినముగా జరుపుకొనుచున్నారు. మన దేశమున శాకాహారి యన్నచో మాంసమును, చేపను, గ్రుడ్డును మానినవాడు; పాలు పెరుగులకు అడ్డు లేదు. వీగన్ అన్నచో అవియును లేవు. పాల వ్యాపారము వట్టిపోయిన పశువులయెడ, మగదూడలయెడ దయ చూపుటలేదని వారి వాదము. దానిని మనమంగీకరింపవచ్చును, అంగీకరింపకపోవచ్చును. ఆ చర్చకు విస్తరిముందు తావు లేదు.

మఱికొందఱు సిద్ధాంతముచేత గాక శరీరతత్త్వముచేత పాలు మానుదురు. పాలలో లాక్టోజు అను ఒక చక్కెర కలదు. దానిని విడగొట్టి జీర్ణింపజేయు పదార్థము పసిపిల్లల ప్రేగులలో సమృద్ధిగా నుండి, పెక్కుమందికి వయసుతోపాటు తగ్గిపోవును. అట్టివారు పాలు త్రాగినచో కడుపుబ్బరము, నొప్పి, విరేచనములు కలుగును. తోడుపెట్టినపుడు సూక్ష్మజీవులు ఆ చక్కెరను కొంత తినివేయును గనుక, పాలు పడకున్నను పెరుగు పడువారు కలరు. ఇది యొక విధము. రెండవ విధము పాలలోని మాంసకృత్తులే పడకపోవుట. ఇది పసిపిల్లలలో ఎక్కువగా కనబడును, పైదానికంటె కఠినమైనది. కొంచెము తగిలినను దద్దురులు, వాంతులు, ఒక్కొక్కప్పుడు ఊపిరియాడకపోవుటయు సంభవించును. అట్టి బిడ్డకు "ఒక్క చుక్క నేతికి ఏమగును?" అని వేయుట ప్రేమ కాదు, ప్రమాదము.

ఇవియన్నియు ఈ కాలపు క్రొత్త పట్టింపులని యనువారికి ఒకటి జ్ఞప్తిచేసెదను. చాతుర్మాస్యవ్రతము మనవారెఱుగనిది కాదు. ఆషాఢ శుద్ధ ఏకాదశి మొదలు నాలుగు మాసములు వ్రతము పట్టినవారు మొదటి మాసమున శాకములను, రెండవ మాసమున పెరుగును, మూడవ మాసమున పాలను, నాలుగవ మాసమున పప్పుధాన్యములను విడుతురు. శాకవ్రతము, దధివ్రతము, క్షీరవ్రతము, ద్విదళవ్రతము అని వానికి పేర్లు. అత్తగారు క్షీరవ్రతమున నున్న యింట కోడలు ఆమెకు తగినట్లు వండినది. తక్కినవారికిని ఆ పొయ్యిమీదనే వండినది. ఇల్లు కూలలేదు, వంట చెడలేదు. అత్తగారు పాలు విడుచుట ఒక్క మాసము, మనుమరాలు విడుచుట పండ్రెండు మాసములు, భేదమంతయు నంతియే. ఒకదానిని నియమమని గౌరవించి, రెండవదానిని పెంకితనమని గద్దించుట న్యాయముకాదు.

మనము మిక్కిలి జాగ్రత్తపడవలసిన విషయము వేఱొకటి కలదు. వేఱు ఆహారమనగానే వేఱు పంక్తి యను తలంపు మనకు సులభముగా వచ్చును. ఏలయన, మన గ్రామములకు ఆ యలవాటు పాతది. కులమునుబట్టి కొందఱిని నట్టింట, కొందఱిని అరుగుమీద, కొందఱిని పెరటిలో కూర్చుండబెట్టి, కొందఱిని గడపయే త్రొక్కనీయని కాలము మా తండ్రితాతలు చూచినదే. దానిని మాన్పుటకు ఎందఱో పాటుపడిరి. మన కృష్ణామండలమున ముదునూరునందు 1940లో నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరాగారు కులభేదము లేక అందఱును కూడి భుజించు సహపంక్తి భోజనములను నడపిరి. గోదావరీ లంకలలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు, 1841లో జన్మించి 1909లో గతించిన ఆ తల్లి, వేళగాని వేళ వచ్చిన బాటసారికిని అన్నము పెట్టెను. 2024వ సంవత్సరమున మన రాష్ట్ర పాఠశాలల మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరు పెట్టిరి. ఒకరు దేవుడు లేడనిరి, ఒకరు అతిథియందే దేవుని జూచిరి. అన్నము దగ్గఱ ఇద్దఱి నడవడియు ఒక్కటియే. అంత కష్టపడి కలిపిన పంక్తిని, "పాలు తిననివా రటు, తినువా రిటు" అని మఱల మనమే విడదీయరాదు. విస్తరులు ఒక్క వరుసలోనే యుండవలెను. విస్తరిలోని పదార్థము మాత్రమే వారివారికి తగినట్లుండవలెను.

ఇది సాధ్యమా యందురేమో. సాధ్యమే కాదు, సులభము. సూత్రమొక్కటియే: కలుపుట సులభము, తీయుట అసాధ్యము. గిన్నెలోని పప్పునకు నేతితో పోపుపెట్టినచో, ఆ నేతిని ఎంత నేర్పరియైనను వెలికితీయలేడు. నూనెతో పోపుపెట్టి, నేతిగిన్నెను ప్రక్కనుంచినచో, కావలసినవాడు వేసికొనును, అక్కఱలేనివాడు మానును. కాబట్టి గిన్నెలో అందఱకును చెల్లునది వండవలెను. కొందఱకు మాత్రమే చెల్లునది విస్తరివద్ద వడ్డింపవలెను. మాంసము, పాలు, ఉల్లి, వెల్లుల్లి లేని వంటకమును తినరాదనువాడు పంక్తిలో ఒక్కడును ఉండడు. మాంసము తినువాడును పులిహోర తినును, దీక్షలోనున్నవాడును తినును, మహమ్మదీయుడును, క్రైస్తవుడును, జైనుడును, వీగనును తినును. పెక్కుమందికి పెక్కు వంటలు వండుట తెలివి కాదు; పెక్కుమందికి చెల్లు వంట నెన్నుకొనుట తెలివి.

కొన్ని యేండ్ల క్రిందట మా పూర్వవిద్యార్థులు మామిడితోటలో కూడి విందు చేసికొనిరి. ఇంచుమించు అరువదిమంది. వంటవాడు మంచివాడే, చేయి తిరిగినవాడే. పప్పునకు నేతిపోపు, పులిహోరకు నేతిపోపు, పాలపాయసము, పెరుగువడ. వారిలో ఒక చిన్నది పాలపదార్థములు తినదు. చెప్పుకొనుటకు మొగమాటపడి, అన్నములో ఆవకాయ కలుపుకొని లేచినది. నేనడుగగా, "నాకు ఆవకాయయన్న ఇష్టమండి, మాస్టారూ" అని నవ్వినది. మఱుసటి యేడు ఆ వంటవానికే నేతిగిన్నె విడిగా నుంచుమనియు, పాయసమునకు కొబ్బరిపాలు వాడుమనియు ముందుగా చెప్పితిమి. ఖర్చు పెరుగలేదు. పాయసము మారినదని పంక్తిలో ఎవరును గుర్తింపలేదు. ఆ చిన్నది మాత్రము రెండవసారి వేయించుకొన్నది.

ఇపుడు మన విస్తరిని వరుసగా పరిశీలింతము. తెలుగువారి భోజనమున పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు, ఊరగాయ, అప్పడము, వడియము — వీనిలో దేనికిని స్వభావముచేత పాలతో సంబంధము లేదు. పాలకు సంబంధించినవి నెయ్యి, పెరుగు లేక మజ్జిగ, పాయసము, మఱికొన్ని పిండివంటలు మాత్రమే. నేతిని విస్తరివద్దకు పంపితిమి. పెరుగు ఎటులైనను చివరకు విడిగా వచ్చునదే. ఇక మిగిలినది తీపి. షడ్రసములను లెక్కించినను పాలలోటు కనబడదు. తీపికి బెల్లము, పులుపునకు చింతపండు మామిడి, ఉప్పునకు ఉప్పు, కారమునకు మిరపయు మిరియమును, చేదునకు కాకరయు మెంతియు, వగరునకు ఉసిరియు అరటిపువ్వును కలవు. ఆఱు రుచులును మన పొలములలో, తోటలలో పండుచున్నవే.

కాని దాగియున్న పాలనుగూర్చి మెలకువ వలెను. చల్లమిరపకాయలను మజ్జిగలో ఊరవేసి ఎండబెట్టుదురు. చూచుటకు వట్టి మిరపకాయలే. రవ్వదోసెపిండిలో మజ్జిగ పోయువారు కలరు. మజ్జిగపులుసు పేరులోనే తెలియును గాని, పెరుగుపచ్చడిని కొబ్బరిపచ్చడి యనుకొని వడ్డించుట కలదు. ఉప్మాలో, పొంగలిలో నెయ్యి కనబడకుండ కలసియుండును. జీడిపప్పును నేతిలో వేయించి పైన చల్లుట మఱియొకటి. బొబ్బట్లను నేతితో కాల్చుట వాడుక; నూనెతో కాల్చినను మెత్తగానే వచ్చును. పాలు పడని బిడ్డ యున్నచోట గరిటెయు ముఖ్యమే. పెరుగులో ముంచిన గరిటెను పప్పులో ముంచరాదు. బజారులో కొను ఇంగువపొడిలో గోధుమపిండి కలపుట సాధారణము గనుక, గోధుమ పడనివారున్నచో దానిని మానవలెను. వేరుసెనగ, నువ్వులు, జీడిపప్పు పడనివారును కలరు. ఇవి కలిపిన వంటకమును వడ్డించునపుడు పేరు చెప్పి వడ్డించుట మేలు.

కొన్న సరకు సంచిమీది గుర్తులను గూర్చి ఒకమాట. ఆకుపచ్చ చుక్క యున్నచో ఆ పదార్థము శాకాహారమని యర్థము. పాలు లేవని యర్థము కాదు. పాలపొడి కలిసిన బిస్కత్తుమీదను ఆ చుక్క యుండును. పాలు, తేనె సైతము లేని పదార్థముల కొఱకు మన దేశమున 2022లో వేఱు నిబంధనలు చేసి, ఆంగ్లాక్షరమైన 'వి' కలిగిన ఆకుపచ్చని గుర్తును ఏర్పఱచిరి. కావున చుక్కను జూచి తృప్తిపడక, అందలి పదార్థముల పట్టికను చదువుడు. అక్షరములు సన్నములైనచో మనుమలచేత చదివింపుడు.

ఇక ఇరువదియైదుగురికి ఒక విందును లెక్కవేసి చెప్పెదను. ఇది మా యింటి లెక్క. అన్నమునకు 3 కిలోల బియ్యము, పులిహోరకు వేఱుగా 1 కిలో. పప్పునకు 1 కిలో కందిపప్పు. కూరలు రెండు, ఒక్కొక్కదానికి 3 కిలోల కాయలు. పచ్చడి, పులుసు, చారు, అప్పడములు, గుమ్మడివడియములు, పాయసము. జైనులు వత్తురని తెలిసినచో దుంపలను విడిచి కాయలనే యెన్నుకొనవలెను. వారిలో వంకాయ తిననివారును కలరు గనుక రెండవ కూర బీరయో సొరయో యుండుట మంచిది.

పప్పును ఋతువునుబట్టి మార్చుకొనవచ్చును. మా తిరువూరు చుట్టును మామిడితోటలు విస్తారము గనుక వేసవిలో మామిడికాయపప్పు, వానకాలమున గోంగూరపప్పు, చలికాలమున దోసకాయపప్పు లేక టమాటాపప్పు. కందిపప్పును మెత్తగా నుడికించి, పులుపుముక్కలను పసుపు, పచ్చిమిర్చితో వేఱుగా ఉడికించి కలుపవలెను. పులుపు ముందే చేరినచో పప్పు ఉడుకదు. నూనెలో ఆవాలు, జీలకఱ్ఱ, మెంతులు, ఎండుమిరపకాయలు, కరివేపాకుతో పోపు. వెల్లుల్లి కోరువారికి నాలుగు రేకలు చిదిపి చిన్నగిన్నెలో వేఱుపోపు పెట్టి యుంచవచ్చును.

గుత్తివంకాయకు నువ్వులు, వేరుసెనగపప్పు, ధనియాలు, ఎండుకొబ్బరి, ఎండుమిర్చి దోరగా వేయించి, కొంచెము చింతపండు, ఉప్పు, చిటికెడు బెల్లము చేర్చి నూఱి, లేతకాయలలో కూరి, నూనెలో మూతపెట్టి సన్ననిసెగమీద మగ్గనీయవలెను. ఉల్లి లేదనిపింపదు, మీగడ కావలెననిపింపదు. వేరుసెనగ పడనివారున్నచో నువ్వులు, కొబ్బరి చాలును. రెండవది పొట్లకాయయో బీరకాయయో కొబ్బరికోరు వేసి వండిన పొడికూర. పండ్లు లేని వృద్ధులకు ఇది మెత్తన. గుమ్మడికాయ, సొరకాయ, బెండకాయ ముక్కలతో తీపిపులుసు కాచి, చివరకు బియ్యపుపిండిని నీటిలో కలిపి పోసినచో చిక్కబడును. మాకు ఖమ్మముసీమ పొరుగు గనుక వేసవిలో పచ్చిపులుసునకును ఆదరము కలదు. దానికి పొయ్యిపనియే స్వల్పము. ఉలవచారు కాచినచో మీగడను గిన్నెలో వేయక ప్రక్కనుంచుడు.

పులిహోరకు మించిన ఉమ్మడి వంటకము లేదు. ఉదయము చేసినది సాయంత్రమునకు రుచి పెరుగును, ప్రయాణమునకు నిలుచును, వనభోజనమునకు చేతులతో మోసికొనిపోవచ్చును. కిలో బియ్యము పొడిపొడిగా వండి, వెడల్పుపళ్లెమున ఆఱబోసి, పసుపు, పచ్చికరివేపాకు, రెండు గరిటెల నువ్వులనూనె వేసి యుంచవలెను. 100 గ్రాముల పాతచింతపండు రసమును ఉప్పు, చీల్చిన పచ్చిమిర్చితో చిక్కగా ఉడికించి కలుపవలెను. సెనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, వేరుసెనగలతో పోపు. ఆవపిండి కొంచెము చేర్చినచో ఘాటు వచ్చును. నేతి యవసరము ఎక్కడను లేదు.

పాయసమునకు అరకిలో పెసరపప్పు, ముప్పాతిక కిలో బెల్లము, 4 కొబ్బరికాయలు. పప్పును కమ్మని వాసన వచ్చువఱకు నూనెలేకుండ వేయింపవలెను. కొబ్బరిని కోరి, గోరువెచ్చని నీటితో రుబ్బి, మొదటి పాలను పిండి వేఱుగా నుంచి, మఱల రుబ్బి రెండవ, మూడవ పాలను తీయవలెను. ఆ పలుచనిపాలలో పప్పును ఉడికించి, కరగించి వడగట్టిన బెల్లమును చేర్చి, కొంతసేపు ఉడికిన తరువాత దించి, వేడి కొంత తగ్గినపిదప చిక్కని మొదటిపాలు పోసి, యాలకులపొడి చల్లవలెను. చిక్కనిపాలు పోసి తెర్లించినచో విఱుగును; మర్మమంతయు ఇచటనే యున్నది. బెల్లము పనికిరాని మధుమేహులకు పాయసమునకు బదులు ఉడికించిన సెనగల గుగ్గిళ్లు పెట్టవచ్చును.

పిండివంటలలో చిమ్మిలికి నువ్వులు బెల్లము చాలును. వేరుసెనగ ఉండలును అట్టివే. అరిసెలు నూనెలో వేగును. బూరెలకు పైపిండి బియ్యము, మినపప్పు. లోపలి పూర్ణము సెనగపప్పు, బెల్లము, కొబ్బరి. బూరెను పొడిచి నెయ్యి పోసికొనుట తినువాని పని, వండువాని పని కాదు. సున్నుండలు, మైసూరుపాకము మాత్రము నేతిపైననే నిలిచినవి. వానిని అందఱికని చెప్పి పెట్టరాదు.

నేతికి బదులేమి యని యడుగుదురు. పెద్దలు మంచినూనె యని పిలుచు నువ్వులనూనె కలదు. ఆవకాయకు ఇంపైనది కందిపప్పునకు కాకపోదు. పెరుగునకు బదులేమి యనునది కొంచెము కష్టమైన ప్రశ్న, ఏలయన చివర చల్ల పడనిదే మనకు భోజనమైనట్లు తోచదు. గంజిని కుండలో పులియబెట్టిన తరవాణి మన పూర్వులెఱిగినదే. పాడిలేని యిండ్లలో చల్లకు బదులు అదియే. ఉప్పు, అల్లము, నిమ్మాకు నలిపి వేసినచో నేటివారును మెచ్చుదురు. వేరుసెనగలను నానబెట్టి రుబ్బి, పాలు తీసి కాచి, గోరువెచ్చగా నున్నపుడు పచ్చిమిర్చి తొడిమలు వేసి తోడుపెట్టువారును కలరు. ఏదియు లేనిచో పలుచని మిరియాలచారుతో ముగించినను కొఱత లేదు.

బలమునుగూర్చి పెద్దలకు సందేహముండుట సహజము. అన్నమున లోపించు లైసిను అను మాంసకృత్తుభాగము పప్పున సమృద్ధిగా నుండును. పప్పున కొఱవడిన భాగమును అన్నము పూరించును. 100 గ్రాముల కందిపప్పున సుమారు 20 గ్రాములకు మించి మాంసకృత్తులు కలవు. సున్నపుధాతువు పాలలో 100 గ్రాములకు సుమారు 120 మిల్లీగ్రాములుండగా, రాగులలో 300కు మించి యుండును. నువ్వులలో ఇంకను హెచ్చు. లోటు ఒక్కచోట నిజముగా కలదు. బి12 అను విటమిను మొక్కలనుండి లభింపదు. అది లేనిచో రక్తహీనత, కాళ్లుచేతుల తిమ్మిరి, మఱపు కలుగును. ఒకపూట విందుకు ఈ చింత లేదు. నిత్యము పాలు, గ్రుడ్లు, మాంసము మానినవారు మాత్రము వైద్యుని సలహాతో ఆ విటమిను మాత్రలు వాడవలెను. మనుమరాలితో నెయ్యినిగూర్చి వాదించుటకంటె ఈ మాట అడిగి తెలిసికొనుట నిజమైన పెద్దరికము.

కడపట వడ్డనను గూర్చి చెప్పెదను. వండుటలో ఎంత నేర్పున్నను వడ్డనలో అది నిలువవలెను. మొదటిది, పిలుచునపుడే యడుగుడు: "మీకు పడనిది, మానినది యేమైన కలదా?" పంక్తిలో కూర్చున్న తరువాత అడిగినచో పదిమంది చూపులు వారిమీద పడును. రెండవది, నేతిగిన్నె పట్టినవాడు వంగకముందే యడుగవలెను. అడుగకుండ పోయుట మన యాదరమని మనమనుకొందుము. చేయి అడ్డుపెట్టలేని మొగమాటస్థుడు ఆ విస్తరిని అట్లే విడిచి లేచును. అన్నము పారవేయుటకంటె అడుగుట మేలు. మూడవది, "ఏల తినవు?" అని విస్తరివద్ద విచారణ చేయరాదు. అల్లుడు మధుమేహముచే తీపి మానినపుడు మనము కారణమడుగుటలేదు. ఆ మర్యాదయే అందఱకును చెల్లవలెను. నాలుగవది, మాంసము వండిన విందులలో దానికి గిన్నెయు గరిటెయు వేఱుగా నుంచి, అందఱకును ఉమ్మడి పదార్థములు వడ్డించిన తరువాత, కోరినవారికి మాత్రము వడ్డింపవలెను. అపుడు మాంసము తిననివాడు పంక్తినుండి లేవనక్కఱలేదు, తినువాడు చాటునకు పోనక్కఱలేదు.

ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలమున ఒకతీరు, వేసవిలో ఒకతీరు, చలికాలమున ఒకతీరు వడ్డించినట్లు కృష్ణదేవరాయలు వర్ణించెను. అతిథికి తగినది పెట్టుటయే విందని ఆ రాజకవి యెఱుగును. తనకు నచ్చినది పెట్టుట సులభము. ఎదుటివానికి చెల్లునది పెట్టుటలో కొంచెము ఆలోచన కావలెను. రాబోవు కార్తికమున మీ ఊరి ఉసిరిచెట్టు క్రింద వనభోజనములకు పొయ్యి వెలిగించునపుడు ఒక్క మార్పు చేసి చూడుడు. పోపు నూనెతో పెట్టి, నేతిగిన్నెను విస్తరివద్దకు పంపుడు. అంతకు మించి నేను కోరునది లేదు. వచ్చినవారందఱును ఒకే వరుసలో కూర్చుండి కడుపునిండ తిని లేచినచో విందు చేసినవాని మూడవ చింతయు తీఱినట్లే.